145 అక్షరాల చుట్టూ ఒక పరిశోధన జీవితం: జూడ్ సముల్‌స్కీ, ఏఏవీ వెక్టర్

ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) వెక్టర్‌తో, అంటే జన్యువును కణంలోకి మోసుకెళ్లే వైరస్ వాహనంతో, తయారైన ఏ జన్యు చికిత్స మందు తీసుకున్నా, అందులో వైరస్ సొంత డీఎన్‌ఏ అంటూ మిగిలేది రెండు కొసలే. సహజ వైరస్‌లో ఒక్కో కొస పొడవు 145 అక్షరాలు. మధ్యలోని వైరస్ జన్యువులన్నీ తీసేసి ఆ చోట రోగికి కావలసిన జన్యువును కూర్చుతారు. ఆ కొసలనే ఐటీఆర్‌లు అంటారు. ఏఏవీ పనిలో కొత్తగా చేరినవాళ్లు ప్రమోటర్ (జన్యువును పనిలోకి దించే వరుస) ఏది, క్యాప్సిడ్ (వైరస్ ప్రొటీన్ డబ్బా) ఏది అని రోజుల తరబడి ఆలోచిస్తారు, ఐటీఆర్‌ల జోలికి మాత్రం పోరు. టైటర్ (సరుకులో వైరస్ రేణువుల లెక్క) రాక వెనక్కి వెళ్లి వెతికితే తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఈ కొసల విలువను తొలి రోజుల్లోనే గుర్తించిన మనిషి రిచర్డ్ జూడ్ సముల్‌స్కీ. ఫ్లోరిడా యూనివర్సిటీలో నికొలస్ ముజీచ్కా దగ్గర పీహెచ్‌డీ విద్యార్థిగా మొదలై, తర్వాత నార్త్ కరోలినా యూనివర్సిటీలో జన్యు చికిత్స కేంద్రాన్ని నడిపారు. ఆయన పేపర్లను వరుసగా పెట్టుకుని చదివితే ఈరోజు ల్యాబ్‌లో మనం చేసే ప్రతి అడుగూ ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది. అందుకే ఈ పోస్టులో ఆయన పరిశోధన వరుసనూ, బెంచి మీది పనినీ పక్కపక్కనే పెడుతున్నాను.

ముందుగా వైరస్ సంగతి. 1965లో పిట్స్‌బర్గ్‌లో అచ్చిసన్ బృందం కోతి అడినోవైరస్ నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తుంటే, అడినోవైరస్ పక్కన అంతకంటే చాలా చిన్న రేణువులు కనిపించాయి. వ్యాసం 25 నానోమీటర్ల దరిదాపు. అడినోవైరస్ తోడు లేకుండా పెరగవు కాబట్టి అడినో-అసోసియేటెడ్ వైరస్ అని పేరు పెట్టారు. లోపల ఉండేది ఒంటి పోగు డీఎన్‌ఏ. ప్లస్ పోగు ఒక రేణువులో, మైనస్ పోగు ఇంకో రేణువులో, ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. జన్యువులు రెండే: రెప్, క్యాప్. రెప్ నుంచి నాలుగు ప్రొటీన్లు వస్తాయి. డీఎన్‌ఏ కాపీ చేయడం, రేణువులోకి ఎక్కించడం వాటి పని. క్యాప్ నుంచి వీపీ1, వీపీ2, వీపీ3 వస్తాయి. ఈ మూడూ సుమారు 1:1:10 పాళ్లలో, మొత్తం 60 ముక్కలుగా కూడితే ఒక క్యాప్సిడ్. మనిషికి దీనివల్ల వచ్చే జబ్బు ఏదీ రుజువు కాలేదు. ఏ జబ్బూ తీసుకురాని వైరస్ మీద ఏళ్ల తరబడి పని చేయాలంటే అప్పట్లో గట్టి కుతూహలమే ఉండాలి. కెన్నెత్ బర్న్స్, బ్యారీ కార్టర్, ముజీచ్కా లాంటి కొద్దిమంది ఆ పని చేశారు.

1982లో సముల్‌స్కీ, బర్న్స్, ముజీచ్కాల బృందం ఏఏవీ2 (ఏఏవీ రకాల్లో రెండోది) జన్యుపదార్థం మొత్తాన్నీ పీబీఆర్ 322 అనే ప్లాస్మిడ్‌లో, అంటే బ్యాక్టీరియాలో పెరిగే డీఎన్‌ఏ వలయంలో, పెట్టింది. ఆ ప్లాస్మిడ్‌ను మనిషి కణాల్లోకి పంపి, తోడుగా అడినోవైరస్ ఇస్తే, ఏఏవీ డీఎన్‌ఏ ప్లాస్మిడ్‌లోంచి తనంతట తానే ఊడి వచ్చి, కాపీలు చేసుకుని, అసలైన వైరస్‌గా బయటపడింది. దీన్నే రెస్క్యూ అంటారు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆ రోజు నుంచి వైరస్‌ను బ్యాక్టీరియాలో దాచుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ కోసి మార్చవచ్చు, మళ్లీ వైరస్‌గా లేపవచ్చు. నా లెక్కలో ఏఏవీ జన్యు చికిత్స పుట్టిన సంవత్సరం ఇదే. మరుసటి ఏడాది, 1983లో, భారతదేశం నుంచి వెళ్లిన అరుణ్ శ్రీవాస్తవ, బర్న్స్ బృందంతో కలిసి ఏఏవీ2 అక్షరాల వరుస మొత్తం ప్రచురించారు. మొదట 4,675గా లెక్కకట్టిన ఆ వరుస తర్వాతి సవరణలతో 4,679 అయింది. అదే ఏడాది సముల్‌స్కీ, శ్రీవాస్తవ కలిసి రాసిన ఇంకో పేపర్‌లో ఒక వింత బయటపడింది: ప్లాస్మిడ్‌లో ఒక ఐటీఆర్ కొంత తెగిపోయినా, రెండోది బాగుంటే దాన్ని చూసి వైరస్ మొదటిదాన్ని బాగుచేసుకుంటుంది.

ఈ మరమ్మతు గుణం వరమే, ల్యాబ్‌లో మనల్ని మోసం చేసేదీ అదే. ఒక ఐటీఆర్ పాడైన ప్లాస్మిడ్‌తో కూడా ఎంతో కొంత వైరస్ వస్తుంది. వచ్చింది కదా అని అదే ప్లాస్మిడ్‌ను మళ్లీ మళ్లీ పెంచుతారు. టైటర్ మెల్లగా పడిపోతుంది, కారణం తెలియదు.

ఐటీఆర్ ఎందుకు పాడవుతుంది? మన 'వికటకవి' ఎటు నుంచి చదివినా ఒకటే. డీఎన్‌ఏలో పాలిండ్రోమ్ అంటే కొంచెం తేడా: ఒక పోగును ఒక దిక్కున, ఎదుటి పోగును దాని దిక్కున చదివితే ఒకే వరుస వస్తుంది. 145 అక్షరాల్లో మొదటి 125 ఇలాంటివే. అందుకే ఆ కొస తన మీద తానే మడుచుకుని టీ ఆకారంలో బిగుసుకుంటుంది. వైరస్‌కు ఆ మడతే ప్రైమర్, కాపీ మొదలయ్యేది అక్కడి నుంచే. ప్లాస్మిడ్‌ను పెంచే ఇ. కోలై బ్యాక్టీరియాకు మాత్రం అది తప్పుగా మడుచుకున్న డీఎన్‌ఏ. దాన్ని కత్తిరించే ఎంజైములు దాని దగ్గర ఉన్నాయి. ఆ ముక్క కోల్పోయిన ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, మంచి ప్లాస్మిడ్ ఉన్నది వెనకబడుతుంది. ఫ్లాస్క్‌లో ఒక రాత్రి గడిచేసరికి పోటీలో చెడ్డదే గెలుస్తుంది.

కాబట్టి ఐటీఆర్ ప్లాస్మిడ్‌ను డీహెచ్5 ఆల్ఫా అనే మామూలు ఇ. కోలై రకంలో పెంచకండి. షూర్, స్టెబుల్ 2 లాంటి రకాలు వాడండి. 37 డిగ్రీల బదులు 30 డిగ్రీల దగ్గర పెంచండి, కాస్త ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి. ప్లేటు మీద పెద్ద కాలనీలు చూసి ఆశపడకుండా చిన్నవి కూడా ఏరండి. కనీసం ఆరేడు కాలనీల మినీప్రెప్ (కొద్ది కల్చర్‌లోంచి ప్లాస్మిడ్ తీయడం) చేయండి. ప్రతిదాన్నీ స్మా1 ఎంజైముతో కోసి జెల్ మీద చూడండి. ఒక్కో ఐటీఆర్‌లో స్మా1 కోసే చోట్లు రెండు, 11 అక్షరాల దూరంలో ఉంటాయి. ఒక ఐటీఆర్ పోతే ఆ వైపు కోత పడదు. రెండు బ్యాండ్లు రావలసిన చోట వాటి మొత్తమంత పొడవున్న ఒకే పెద్ద బ్యాండ్ వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్మా1 పని చేసేది 25 డిగ్రీల దగ్గర. అలవాటుగా 37 డిగ్రీల బాత్‌లో పెడితే ఎంజైమే చచ్చిపోతుంది, కోత సగమే పడుతుంది, బాగున్న ప్లాస్మిడ్‌ను పాడైందని పారేస్తారు. 37 దగ్గరే చేయాలంటే అదే చోట కోసే ఎక్స్‌మా1 వాడండి.

మినీప్రెప్‌లో చూశాం కదా అని వదిలేయకండి. మ్యాక్సీప్రెప్ అయ్యాక మళ్లీ కోసి చూడాలి, ఎందుకంటే పెద్ద ఫ్లాస్క్‌లో ఇంకా ఎక్కువ తరాలు గడుస్తాయి. మామూలు సాంగర్ సీక్వెన్సింగ్ ఐటీఆర్ మడత దగ్గర ఆగిపోతుంది. సంకేతం ఉన్నట్టుండి పడిపోతే అది పాడైందని కాదు, మడత బిగువుగా ఉందని. ఇప్పుడు ప్లాస్మిడ్ మొత్తాన్ని నానోపోర్‌తో చదివే సేవలు దొరుకుతున్నాయి, వాటికి పంపడం మేలు. కొత్త తయారీ మొదలుపెట్టే ప్రతిసారీ పాత కల్చర్‌లోంచి కాక, మొదట్లో పరీక్షించి దాచుకున్న గ్లిసరాల్ ట్యూబులోంచే తీయండి.

తిరిగి ఎనభైల్లోకి వెళ్దాం. 1984లో హెర్మొనాట్, ముజీచ్కా క్యాప్సిడ్ జన్యువులు తీసి నియోమైసిన్ నిరోధక జన్యువు పెట్టి ఏఏవీని వెక్టర్‌గా వాడి చూపించారు. కానీ తయారైన సరుకులో వైల్డ్ టైప్ (సహజ) ఏఏవీ కూడా కలిసి వచ్చేది. వెక్టర్ ప్లాస్మిడ్‌కూ, రెప్-క్యాప్ ఇచ్చే ప్లాస్మిడ్‌కూ ఒకే రకం వరుసలు ఉండేవి. కణంలో అవి ఒకదానితో ఒకటి ముడిపడి మళ్లీ పూర్తి వైరస్ తయారయ్యేది. సముల్‌స్కీ, ప్రిన్స్‌టన్‌కు చెందిన థామస్ షెంక్‌తో కలిసి దీనికి రెండు అడుగుల్లో పరిష్కారం చేశారు. 1987లో పీసబ్ 201 అనే ప్లాస్మిడ్ కట్టారు. అందులో ఐటీఆర్‌ల లోపలి అంచున ఎక్స్‌బా1 కోత చోట్లు ఉంటాయి, మధ్యభాగమంతా ఒకే కోతలో ఊడి వస్తుంది. 1989లో రెప్-క్యాప్ ఇచ్చే ప్లాస్మిడ్‌లో ఏఏవీ ఐటీఆర్‌ల బదులు అడినోవైరస్ కొసలు పెట్టారు. రెండు ప్లాస్మిడ్ల మధ్య ఉమ్మడి వరుస లేదు, కాబట్టి ముడిపడే దారి మూసుకుపోయింది. సూత్రం ఈరోజుకీ అదే: వెక్టర్ మీద ఐటీఆర్‌లు మాత్రమే, సహాయ ప్లాస్మిడ్ల మీద ఐటీఆర్ తప్ప మిగతావి. కొత్తగా ఏ ప్లాస్మిడ్ కట్టినా ముందు ఇది సరిచూసుకోవాలి.

ఇంకా ఒక బెడద మిగిలింది. తోడు అడినోవైరస్‌ను కూడా కణాలకు ఇవ్వాలి. తర్వాత సరుకును 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి దాన్ని చంపేవాళ్లు. ఏఏవీ ఆ వేడిని తట్టుకుంటుంది. అడినోవైరస్ చస్తుంది గానీ దాని ప్రొటీన్లు సరుకులోనే ఉండిపోతాయి, రోగి ఒంట్లో అవి రోగనిరోధక స్పందన లేపుతాయి. 1998లో జియావో జియావో, జువాన్ లీ, సముల్‌స్కీ అడినోవైరస్‌లో నిజంగా అవసరమైన భాగాలు మాత్రమే ఏరి ప్లాస్మిడ్‌లో పెట్టారు: ఈ2ఏ, ఈ4, వీఏ ఆర్‌ఎన్‌ఏ. ఈ1 భాగం తయారీకి వాడే హెక్ 293 అనే మనిషి కణాల్లో ఎలాగూ ఉంది. దాంతో బతికున్న అడినోవైరస్ అవసరం పూర్తిగా పోయింది. మూడు ప్లాస్మిడ్లను ఒకేసారి కణాల్లోకి పంపే ఈ పద్ధతినే మనం ట్రిపుల్ ట్రాన్స్‌ఫెక్షన్ అని పిలుస్తాం.

దాన్ని 15 సెంటీమీటర్ల డిష్‌లో ఎలా చేస్తారో చెబుతాను. కణాలు ముందురోజే పరచాలి; ట్రాన్స్‌ఫెక్షన్ వేళకు డిష్ 70 నుంచి 80 శాతం నిండి ఉండాలి. పూర్తిగా నిండిన డిష్‌లో కణాలు విభజన ఆపేస్తాయి, డీఎన్‌ఏ లోపలికి పోదు. 50 శాతమే ఉంటే డీఎన్‌ఏను కణంలోకి తీసుకెళ్లే పీఈఐ అనే రసాయనం విషానికి తట్టుకోలేక రాలిపోతాయి. ఒక డిష్‌కు హెల్పర్ (అడినోవైరస్ భాగాలున్న) ప్లాస్మిడ్ 12, రెప్-క్యాప్ 10, వెక్టర్ 6 మైక్రోగ్రాములు మంచి ప్రారంభం. బరువులు సమానంగా లేకపోవడానికి కారణం పొడవులు. హెల్పర్ ప్లాస్మిడ్ మిగతా రెండింటికంటే చాలా పెద్దది, మనకు కావలసింది అణువుల సంఖ్య సమతూకం. మీ వెక్టర్ పొడవు మారితే ఈ అంకెలు మళ్లీ లెక్కకట్టుకోండి. మొత్తం 28 మైక్రోగ్రాముల డీఎన్‌ఏను సీరమ్ లేని మీడియంలో కలిపి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢత గల పీఈఐ ద్రావణం 84 మైక్రోలీటర్లు వేసి, అంటే డీఎన్‌ఏకు మూడు రెట్లు, వెంటనే బాగా కలిపి 10 నుంచి 15 నిమిషాలు గది ఉష్ణోగ్రత వద్ద ఉంచాలి. అరగంట వదిలేస్తే రేణువులు గడ్డకట్టి పెద్దవైపోతాయి, పని చేయవు. తర్వాత డిష్ అంతటా చుక్కచుక్కగా వేయాలి. పీఈఐ కొత్త బ్యాచ్ కలిపినప్పుడల్లా పీహెచ్ 7 దగ్గర ఉందో లేదో చూసి, 1:1 నుంచి 1:4 వరకు ఒక చిన్న ప్లేటులో పచ్చగా వెలిగే ప్రొటీన్ ఇచ్చే జీఎఫ్‌పీ ప్లాస్మిడ్‌తో పరీక్షించాలి. 48 గంటలకు కణాల్లో మూడింట రెండు వంతులకైనా పచ్చదనం లేకపోతే ఆ బ్యాచ్‌తో పెద్ద తయారీకి దిగకండి.

మైకోప్లాస్మా అనే సూక్ష్మ బ్యాక్టీరియా సోకిన కణాలు చూడటానికి బాగానే ఉంటాయి, టైటర్ మాత్రం పడిపోతుంది. ఈ పరీక్ష నెలకోసారి చేయని ల్యాబ్‌లో మిగతా ఏ లెక్కా నమ్మలేం.

ట్రాన్స్‌ఫెక్షన్ అయిన 72 గంటలకు వైరస్‌ను పోగుచేయాలి. అప్పటికి మీడియం పసుపు తిరుగుతుంది, కణాలు గుండ్రబడి కొన్ని తేలుతుంటాయి. ఏఏవీ2 అయితే ఎక్కువ భాగం కణాల లోపలే ఉంటుంది. ఏఏవీ8, ఏఏవీ9 అయితే చాలా భాగం మీడియంలోకి వచ్చేస్తుంది. ఇది తెలియక మీడియం పారబోసి సగం సరుకు పోగొట్టుకుంటారు. మీడియంలోది పట్టాలంటే పీఈజీ 8000ను 8 శాతం, ఉప్పును 0.5 మోలార్ అయ్యేలా కలిపి, చల్లగా రాత్రంతా ఉంచి సెంట్రిఫ్యూజ్ చేయాలి. కణాలను మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి పగలగొట్టి, మిల్లీలీటరుకు 50 యూనిట్ల బెంజొనేజ్ (మిగిలిన డీఎన్‌ఏను తినేసే ఎంజైము) వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచాలి. బఫర్‌లో మెగ్నీషియం ఉండాలి, లేదా బెంజొనేజ్ నిద్రపోతుంది. మెగ్నీషియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ ఉన్న బఫర్ అసలే పనికిరాదు. ఈ మెట్టు సరిగా జరగకపోతే ద్రవం జిగురుగా తీగలు సాగుతుంది, తర్వాతి మెట్టులో పొరలన్నీ చెదిరిపోతాయి.

శుద్ధి చేయడానికి ఫ్లోరిడాలో జొలొతూఖిన్ బృందం 1999లో ఇచ్చిన ఐయోడిక్సనాల్ (సాంద్రత ఎక్కువున్న ద్రావణం) పొరల పద్ధతినే ఇప్పటికీ చిన్న ల్యాబ్‌లు వాడుతున్నాయి. 39 మిల్లీలీటర్ల ట్యూబులో 14 మిల్లీలీటర్ల లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం) ముందు పోసి, దాని కిందికి పొడవాటి సూదితో 15 శాతం ద్రావణం 9 మిల్లీలీటర్లు, దాని కింద 25 శాతం 6, దాని కింద 40 శాతం 5, అడుగున 60 శాతం 5 మిల్లీలీటర్లు నింపాలి. 15 శాతం పొరలో 1 మోలార్ ఉప్పు ఉంటుంది. వైరస్‌కు అంటుకున్న కణ ప్రొటీన్లు విడిపోవడానికి అది. 25, 60 శాతం పొరల్లో ఫినాల్ రెడ్ వేస్తే పొరల అంచులు కంటికి ఆనుతాయి. సూదిలో ఒక్క గాలి బుడగ ఉన్నా పైకి లేస్తూ పొరలన్నీ కలిపేస్తుంది. 3,50,000 జీ వద్ద, 18 డిగ్రీల దగ్గర ఒక గంట తిప్పితే నిండు వైరస్ 40 శాతం పొరలో, 60 అంచుకు పైన నిలుస్తుంది. సూదిని 40-60 అంచుకు రవ్వంత కిందగా గుచ్చి, నోరు పైకి తిప్పి మెల్లగా లాగాలి. 25-40 అంచు దగ్గరికి వస్తుండగానే ఆపేయండి. అక్కడ ఉండేవి ఖాళీ క్యాప్సిడ్లు, కణ ప్రొటీన్లు. ఆశపడి చివరి అర మిల్లీలీటరు లాగారా, అంతవరకు పడ్డ శ్రమలో సగం అక్కడే పోతుంది.

ఖాళీ క్యాప్సిడ్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. కణం ముందు డబ్బాలు తయారుచేసి తర్వాత వాటిలోకి డీఎన్‌ఏ ఎక్కిస్తుంది. ట్రిపుల్ ట్రాన్స్‌ఫెక్షన్‌లో చాలా డబ్బాలు ఖాళీగానే మిగిలిపోతాయి. అవి వైద్యం చేయవు, కానీ రోగి ఒంట్లో వాటిని కూడా శత్రువుగానే చూస్తారు రోగనిరోధక కణాలు. 2006లో ప్రచురితమైన హీమోఫిలియా బి ప్రయోగంలో ఏఏవీ2ను కాలేయంలోకి పంపితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 9 మొదట వచ్చి, వారాల్లో కాలేయ ఎంజైములు పెరిగి, ఫ్యాక్టర్ 9 పడిపోయింది. క్యాప్సిడ్ ముక్కలను గుర్తుపట్టిన టీ కణాలు ఆ కాలేయ కణాలను చంపేశాయన్నది పరిశోధకులు కట్టిన వివరణ. ఎలుకల్లో, కుక్కల్లో ఇది ముందుగా కనబడలేదు. ఖాళీ, నిండు తేడా చూడటానికి సాంద్రతే ఆధారం: సీజియం క్లోరైడ్‌లో ఖాళీది 1.31 దగ్గర, నిండుది 1.40 దగ్గర నిలుస్తాయి. యురనైల్ ఎసిటేట్ వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఖాళీ రేణువు నడిమధ్య నల్లటి చుక్క కనిపిస్తుంది, నిండుది తెల్లగా ఉంటుంది.

శుద్ధి చేసిన సరుకును 100 కిలోడాల్టన్ల ఫిల్టర్‌లో బఫర్ మార్చేటప్పుడు 0.001 శాతం ప్లూరానిక్ ఎఫ్68 తప్పకుండా వేయండి. ఏఏవీ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. పలుచని ద్రావణంలో అయితే సరుకులో పెద్ద భాగం ట్యూబు గోడకే పోతుంది. చిన్న చిన్న పాళ్లుగా చేసి మైనస్ 80లో పెట్టి, ఒక్కోటి ఒక్కసారే కరిగించండి.

టైటర్ లెక్కలో జరిగే తప్పులు చెప్పాలంటే ఇంకో పోస్టు కావాలి, మూడు మాత్రం చెబుతాను. క్యూపీసీఆర్‌కు (డీఎన్‌ఏ కాపీలను లెక్కపెట్టే పరీక్షకు) ముందు డీఎన్‌ఏస్ అనే ఎంజైము వేసి క్యాప్సిడ్ బయటి ప్లాస్మిడ్‌ను తినిపించాలి; వేయకపోతే ట్రాన్స్‌ఫెక్షన్‌లో మిగిలిన ప్లాస్మిడ్‌నే వైరస్ అని లెక్కపెడతారు. ఆ డీఎన్‌ఏస్‌ను వేడితో చంపాకే క్యాప్సిడ్ తెరవాలి, లేదా బయటికొచ్చిన వైరస్ డీఎన్‌ఏనూ అది తినేస్తుంది. ప్రామాణికంగా వాడే ప్లాస్మిడ్‌ను కోసి సరళంగా చేసి వాడాలి. మెలితిరిగిన ప్లాస్మిడ్ పీసీఆర్‌లో ఆలస్యంగా పెరుగుతుంది, టైటర్ ఉన్నదానికంటే కొన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ప్లాస్మిడ్‌లో రెండు పోగులు, వైరస్‌లో ఒకటి. ఆ రెండు రెట్ల తేడాను లెక్కలో కలిపారో లేదో రాసి పెట్టుకోవాలి. డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ అందుబాటులో ఉంటే ప్రామాణికం గొడవే ఉండదు.

1998లోనే సముల్‌స్కీ, సమ్మర్‌ఫర్డ్ ఏఏవీ2 కణాన్ని పట్టుకునేది హెపరాన్ సల్ఫేట్ చక్కెర గొలుసుల ద్వారా అని చూపించారు. బెంచి మీద దీని ఫలితం వెంటనే కనబడింది: హెపరిన్ కాలమ్‌తో ఏఏవీ2ను శుద్ధి చేయవచ్చు. అదే కాలమ్‌లో ఏఏవీ8, ఏఏవీ9 పోస్తే నిలవకుండా కారిపోతాయి. వాటికి ఆ పట్టు లేదు.

ఇక ఈ జీవితంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. ఏఏవీ ఇచ్చాక జన్యువు పని మొదలుపెట్టడానికి రోజులు, వారాలు పట్టేది. వైరస్ కణంలోకి చేరుతోంది, న్యూక్లియస్ దాకా పోతోంది, మరి ఆలస్యం ఎక్కడ? 1996లో ఫెరారి, సముల్‌స్కీ, షెంక్ బృందం, విడిగా జేమ్స్ విల్సన్ బృందం ఒకే జవాబు చెప్పాయి: ఒంటి పోగుకు రెండో పోగు కట్టడమే ఆలస్యం. రెండు పోగులు లేనిదే ఆర్‌ఎన్‌ఏ రాదు. అయితే రెండు పోగులనూ ముందే కట్టి పంపితే? 2001లో మెకార్టీ, మొనహన్, సముల్‌స్కీ అదే చేశారు. వెక్టర్ పొడవును సగానికి తగ్గిస్తే, ఒకే పొడవాటి పోగులో జన్యువు ఒకసారి, దాని జోడీ వరుస మరోసారి వచ్చే రేణువులు తయారవుతాయి. కణంలోకి వెళ్లగానే అది జడపిన్నులా మడుచుకుని రెండు పోగులు అయిపోతుంది. తర్వాతి మెరుగు 2003లో వచ్చింది. ఒక ఐటీఆర్‌లో రెప్ ప్రొటీన్ గాటు పెట్టే చోటును తీసేస్తే కాపీ అక్కడ విడిపోకుండా మలుపు తిరిగి వెనక్కి నడుస్తుంది, తయారయ్యేవి దాదాపు అన్నీ జంట పోగు రేణువులే. కొసల్లో కొన్ని అక్షరాలు తీసినందుకు వచ్చిన ఫలితం ఇది.

మూల్యం ఏమిటంటే చోటు సగమైపోతుంది. మామూలు ఏఏవీలో ఐటీఆర్‌లతో కలిపి 4.7 కిలోబేసులు (కిలోబేసు అంటే వెయ్యి అక్షరాలు) పడితే, ఇందులో జన్యువు, ప్రమోటర్, పాలీ-ఏ (జన్యువు ముగింపు గుర్తు) అన్నీ కలిపి 2.2 దరిదాపులో ముగించాలి. అందుకే చిన్న జన్యువులకే పనికొచ్చింది. ఫ్యాక్టర్ 9 పట్టింది: 2011లో నత్వానీ బృందం ఏఏవీ8లో ఈ జంట పోగు పద్ధతితో, కిలో బరువుకు గరిష్ఠంగా 2×10¹² రేణువుల మోతాదులో హీమోఫిలియా బి రోగులకు మేలు చేసి చూపించింది. ఎస్‌ఎమ్‌ఎన్1 కూడా పట్టింది: వెన్నెముక కండర క్షీణతకు 2019 మేలో అమెరికాలో అనుమతి పొందిన జోల్జెన్‌స్మా ఇదే పద్ధతి, ఏఏవీ9 క్యాప్సిడ్, మోతాదు కిలోకు 1.1×10¹⁴. ఆ ఇంజెక్షన్ కోసం తెలుగు రాష్ట్రాల్లోనూ తల్లిదండ్రులు పదహారు కోట్ల రూపాయల విరాళాలు పోగుచేయడం మనం చూశాం.

ఆయన ఆశించినట్టు జరగనిదీ ఒకటుంది. సహజ ఏఏవీ మనిషి 19వ క్రోమోజోములో ఒకే నిర్దిష్ట చోట కూర్చుంటుందని 1990లో రాబర్ట్ కోటిన్, బర్న్స్ బృందం, 1991లో సముల్‌స్కీ బృందం చూపించాయి. జన్యువును భద్రమైన చోట శాశ్వతంగా నాటవచ్చని అందరూ సంబరపడ్డారు. కానీ ఆ చోటుకు దారి చూపేది రెప్ ప్రొటీన్. వెక్టర్‌లో రెప్ తీసేశాం కాబట్టి అది అక్కడికి పోదు, ఎక్కువ భాగం క్రోమోజోముకు బయటే వలయంగా ఉండిపోతుంది. పెద్దవాళ్ల కాలేయంలో, కండరంలో, నాడీకణాల్లో దీనితో ఇబ్బంది లేదు, అవి పెద్దగా విభజన చెందవు. పసిపిల్లల కాలేయం పెరుగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ వెక్టర్ పలుచబడిపోతుంది. చిత్తూరుకు గంట దూరంలోని వేలూరు సీఎంసీలో అలోక్ శ్రీవాస్తవ బృందం హీమోఫిలియా ఎ కోసం లెంటివైరస్‌ను ఎంచుకుని, 5 మంది రోగుల ఫలితాలను 2024 డిసెంబరులో ప్రచురించింది. లెంటివైరస్ క్రోమోజోములోనే కూర్చుంటుంది, రక్త మూలకణాలు ఎన్నిసార్లు విడిపోయినా జన్యువు వెంట వస్తుంది, ఏఏవీ యాంటీబాడీలు ఉన్నవాళ్లకూ ఇవ్వవచ్చు. అయితే ముందు మూలకణాలు తీసి, ఎముక మూలుగను మందులతో ఖాళీ చేసి, మళ్లీ ఎక్కించాలి. ఏఏవీ అయితే నరంలోకి ఒక్క సెలైన్ ఎక్కించినంత పని.

చోటు సమస్య ఇప్పటికీ తీరలేదు. కండరాలకు కావలసిన డిస్ట్రోఫిన్ ప్రొటీన్ కోడింగ్ వరుసే 11 కిలోబేసులు. దాన్ని ఏఏవీలో పట్టేంత కురచ చేయవచ్చని 2000లో చూపించినవాళ్లలో జియావో జియావో ఉన్నారు, సముల్‌స్కీ దగ్గర హెల్పర్ ప్లాస్మిడ్ కట్టిన మనిషే. 5 కిలోబేసులు దాటిన జన్యువును ఏఏవీలో కుక్కితే రేణువు తయారవదని కాదు. తయారవుతుంది, కానీ లోపల తోక తెగిన డీఎన్‌ఏ ఉంటుంది. క్యూపీసీఆర్ ప్రైమర్లు తెగని వైపు ఉంటే టైటర్ ఘనంగా కనిపిస్తుంది, కణంలో ప్రొటీన్ మాత్రం రాదు. పెద్ద వెక్టర్ కట్టినప్పుడు రెండు కొసల దగ్గరా వేర్వేరు ప్రైమర్లు పెట్టి, రెండు టైటర్లూ పోల్చి చూడండి.

మోతాదులు కూడా చోటుతో పాటు భారమే. 2023లో అనుమతి పొందిన సూక్ష్మ డిస్ట్రోఫిన్ మందు మోతాదు కిలోకు 1.33×10¹⁴. 20 కిలోల పిల్లవాడికి 2.66×10¹⁵ రేణువులు కావాలి. పైన చెప్పిన 15 సెంటీమీటర్ల డిష్‌లో శుద్ధి తర్వాత 2×10¹¹ మిగిలిందనుకుందాం, అది మంచి దిగుబడే. ఒక్క పిల్లవాడికి 13,300 డిష్‌లు. అందుకే పరిశ్రమ డిష్‌లు వదిలేసి, తేలుతూ పెరిగే హెక్ కణాలను వందల లీటర్ల రియాక్టర్లలో పెంచుతోంది. మరికొన్ని సంస్థలు పురుగు కణాల్లో బాక్యులోవైరస్‌తో తయారుచేస్తున్నాయి. 2002లో ఆ పద్ధతిని తెచ్చిన బృందంలో ఉన్నది 19వ క్రోమోజోము సంగతి కనిపెట్టిన రాబర్ట్ కోటినే. రియాక్టర్ ఎంత పెద్దదైనా అందులో పోసే ప్లాస్మిడ్ మాత్రం ఇ. కోలైలోనే పెరగాలి, గ్రాముల లెక్కన.